సీలు వేసిన కెమెరా

నేను ఒక కెమెరాను. ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. పుట్టినప్పుడు ఇలా లేను. కర్మాగారంలో నన్ను బిగించిన అమ్మాయి చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పసిబిడ్డకు కాటుక దిద్దినంత ఒద్దికగా నా లోపలి అద్దం అమర్చింది. నా మీద దుమ్ము పడకూడదని ఆ గదిలో గాలిని కూడా వడగట్టేవారు. అంత శుభ్రమైన చోట పుట్టినదాన్ని కదా, మనుషులంతా అలాగే ఉంటారనుకున్నాను.

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక ఎముకల డాక్టరు. పక్షుల ఫొటోలు తీస్తానని భార్యకు చెప్పి మరీ కొన్నాడు. తీసింది మాత్రం తన కొత్త కారును, ఆ కారుకు ఆనుకుని నిలబడ్డ తనను. ఆ తరవాత రెండేళ్ళు నేను బీరువాలో పట్టుచీరల మధ్య పడుకున్నాను. విసుగొచ్చి డాక్టరు నన్ను భీమిలిలో పెళ్ళి ఫొటోలు తీసే కోరాడ సన్యాసిరావు అనే స్టూడియో యజమానికి ఇచ్చేశాడు. అక్కడ పని బాగానే దొరికింది. తాళి కట్టే క్షణంలో పెళ్ళికూతురి ముఖం చూడాల్సిన పెళ్ళికొడుకులు నా ముఖం చూసేవారు. నల్లటి అమ్మాయిలను తెల్లగా చేయమని వాళ్ళ కన్నవాళ్ళే అడిగేవారు. ఆ తెల్లబరిచే పని కంప్యూటరు ముందు కూర్చుని చేసేది రత్నం. ఆమె నలుపే. పనిచేస్తూ పళ్ళు నూరుకునేది.

రత్నం పూర్తి పేరు మైలపల్లి నూకరత్నం. భీమిలికి ఉత్తరాన రేవుదిబ్బపాలెం అనే జాలరి ఊరి పిల్ల. తల్లి సింహాచలం నెత్తిన చేపల తట్ట పెట్టుకుని వీధి వీధీ తిరిగి ఆమెను డిగ్రీ దాకా చదివించింది. కొత్త కెమెరా వచ్చిన రోజు సన్యాసిరావు నన్ను రత్నం చేతిలో పెట్టి, "ఇది పాతబడిపోయిందమ్మా, నువ్వట్టుకెల్లు" అన్నాడు. నా జీవితం అప్పుడు మొదలైందని అంటాను. అంతకు ముందుదంతా తిండి దండగ.

జనవరి నెలలో ఒక తెల్లవారుజామున రత్నం నన్ను మెడలో వేసుకుని ఒడ్డుకు తీసుకెళ్ళింది. పొద్దు పొడుపు తీయాలని ఆమె ఉద్దేశం. కానీ అడ్డంగా ఒక పెద్ద సముద్రపు తాబేలు పడి ఉంది. కళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి. మెడ చుట్టూ వల తాడు కోసుకుపోయిన గీత. గుడ్లు పెట్టడానికి ఎంతో దూరం నుంచి ఈ ఒడ్డు వెతుక్కుంటూ వచ్చి, మరపడవల వలలో చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక మునిగి చనిపోయింది. తాబేలు నీళ్ళలో మునిగి చావడమేమిటని నవ్వకండి. దానికీ మీలాగే ఊపిరితిత్తులున్నాయి. కాకులు దాని కళ్ళ దగ్గర చేరుతున్నాయి. రత్నం కాకులను తోలి, తడి ఇసుకలో బోర్లా పడుకుని, దాని ముఖానికి ఎదురుగా నన్ను పెట్టింది. ఎందరో పెళ్ళికూతుళ్ళ ముఖాలు దిద్దిన పిల్ల ఆ ముఖంలో ఒక్క గీత దిద్దలేదు.

వెనక నుంచి ఆమె మేనమామ బర్రి లచ్చన్న వచ్చి నిలబడ్డాడు. "సచ్చినదానికి పొటో ఏటే అమ్మీ? బతికున్నోల్లకే దిక్కు నేదు."

"బతికున్నన్నాల్లూ నీకు దాని గుడ్లే కనపడ్డాయి కదా మామా" అంది రత్నం లేవకుండానే.

లచ్చన్న ఒకప్పుడు తాబేలు గూళ్ళు తవ్వి గుడ్లు ఊరంతా పంచిన మనిషి. ఆ రోజు మాత్రం, ఫొటో అయిపోయాక, తాబేలును ఒక్కడే ఈడ్చుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చాడు.

ఆ ఫొటో ఒక పత్రికలో పడింది. కింద ఎం.ఎన్. రత్నం అని పేరు వేశారు. కొన్నాళ్ళకు సంపాదకుడు ఫోన్ చేసి, "అమ్మా, ఫొటోగ్రాఫరు రత్నం గారున్నారా?" అన్నాడు. "నేనేనండి" అంది. "ఓహో" అన్నాడాయన. ఆ "ఓహో"ను మేమిద్దరం ఆ తరవాత చాలా ఆఫీసుల్లో విన్నాం.

పన్నెండేళ్ళు ఆ తీరం వెంట నడిచాం. రత్నం స్టూడియో మానేసింది. సముద్రాన్ని, సముద్రానికి జరుగుతున్న అన్యాయాన్ని ఫొటో తీయడమే ఆమె ఉద్యోగమైంది. ఏరు సముద్రంలో కలిసే మొగల్లో పక్షులను తీశాం. రసాయనాలకు చచ్చి తేలిన చేపల గుట్టలను తీశాం. ఏటా చలికాలంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళను ఒక్కొక్కదాన్నీ, ఎక్కడ పడి ఉందో అక్కడే తీశాం. జాలరి మనిషి కదా, ఏ గాలికి ఏది ఎక్కడ తేలుతుందో ఆమెకు తెలుసు. నా కీళ్ళలో ఉప్పు చేరితే తల్లి పాత చీర ముక్కతో తుడిచేది.

ఆమె పనిని మెచ్చుకున్నవాళ్ళు లేకపోలేదు. కానీ ఎలా మెచ్చుకున్నారో వినండి. ఆ సంపాదకుడే ఇంకోసారి ఫోన్ చేసి, "పొద్దున్నే కాఫీ తాగుతూ చచ్చిన తాబేలును ఎవరు చూస్తారమ్మా? ముద్దుగా ఉండే పిల్ల తాబేళ్ళవి పంపండి" అన్నాడు. సరే, పంపింది. గుడ్డులోంచి వచ్చి నీళ్ళవైపు పాకుతున్న పిల్ల తాబేలు. దాని వెనక, దూరంగా సముద్రం అంచున, వరసగా మరపడవలు. ఆ పడవల కోసమే ఆ ఫొటో తీశాం మేము. ఆ పిల్ల ఎటు వెళుతోందో చూసేవాళ్ళకు తెలియాలని. మరుసటి జనవరిలో ఆ ఫొటో ఒక క్యాలెండరు మీద కనపడింది. పడవలను కత్తిరించేశారు. ఉత్త సముద్రం, ఉత్త ఆకాశం, ముద్దొచ్చే పిల్ల. క్యాలెండరు వేయించింది ఎవరో తెలుసా? ఆ మరపడవల యజమాని. రత్నం దాన్ని చింపలేదు. సగం రొట్టె నోట్లో పెట్టుకుని అలాగే చాలాసేపు దాని వంక చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడే రేవుదిబ్బపాలేనికి తాబేళ్ళను కాపాడతామంటూ ఒక సంస్థ వచ్చింది. దాని పేరు చెప్పను. నాకు పేర్ల కన్నా ముఖాలు బాగా గుర్తు. ఒడ్డున వల కంచె కట్టి, తీరమంతటా ఉన్న గూళ్ళ నుంచి గుడ్లు తెచ్చి అందులో గుంటలు తీసి పూడ్చి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలో వదలాలి. ఊళ్ళోవాళ్ళు ఆ కంచెను తాబేలు దొడ్డి అనేవారు. లచ్చన్నను కాపలా పెట్టారు. గుడ్లు తవ్వి తిన్న చేతులే వాటిని పాతిపెట్టి కాపాడాయి. ఆ పనిలో ఆయనను మించినవాడు లేడు. ఇసుక మీద చెయ్యి ఆనించి, "ఇది రేపు పొంగుద్ది" అనేవాడు. సరిగ్గా మర్నాడు ఆ గుంట మీద ఇసుక, ఉడుకుతున్న అన్నంలా కదిలి, నల్లటి చిన్న తలలు పైకి వచ్చేవి.

ఆ సంస్థకు అధికారి జయకర్. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, ఎవరినీ నొప్పించని గొంతు. రత్నాన్ని సంస్థ ఫొటోగ్రాఫరుగా పెట్టుకున్నాడు. మొదట్లో ఆమెకు ఆయనంటే గౌరవమే ఉండేది. ఏదో ఒకటి జరుగుతోంది కదా అని.

ఇక ఆ ఏప్రిల్ ఉదయం గురించి చెప్పాలి. దాని కోసమే ఇదంతా చెబుతున్నాను.

పిల్లలను వదిలే కార్యక్రమానికి ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా వస్తాడన్నారు. పొద్దున ఆరింటికి. ఇసుక మీద షామియానా, ఎర్ర తివాచీ, మైకు, బ్యానరు. తెల్లవారకముందే పొంగిన గుంటల నుంచి లచ్చన్న పిల్లలను ఏరి అయిదు నీలం ప్లాస్టిక్ తొట్లలో పెట్టాడు. ఒక్కో తొట్టిలో వందకు తక్కువ లేవు. వాటి ఒంట్లో పుట్టుకతో వచ్చే శక్తి ఒక రోజుకో రెండు రోజులకో సరిపడా ఉంటుంది. దానితోనే అవి అలలు దాటి, లోతు చేరాలి. అందుకే గుడ్డులోంచి రాగానే ఆగకుండా కాళ్ళు ఆడిస్తాయి. తొట్టిలో పెడితే తొట్టి గోడను తోస్తూ ఆడిస్తాయి. ప్లాస్టిక్ మీద ఆ గోకుడు చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. కెమెరాకు చెవులేమిటంటారా, ఉన్నాయి.

ఆరయింది. ఏడయింది. పెద్దమనిషి రాలేదు. తివాచీ మీద కుర్చీలు సర్దుతున్నారు, ఉప్మా పొట్లాలు పంచుతున్నారు. లచ్చన్న తలగుడ్డ చేతిలో పట్టుకుని జయకర్ దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఒగ్గీయాల. ఎండెక్కిపోతంది."

"ఇంకో పది నిమిషాలు లచ్చన్నా. సార్ దారిలో ఉన్నారు."

ఆ పది నిమిషాలు ఎనిమిదిన్నర దాకా సాగాయి. ఏప్రిల్ ఎండ మీకు తెలుసు కదా. ఇసుక మీద చెప్పులు లేకుండా నిలబడలేకపోతున్నారు జనం. తొట్లలో చప్పుడు తగ్గుతోంది. రత్నం మొదటి నుంచీ ఒకే తొట్టి దగ్గర, ఒకే చోట నిలబడి, ఉండుండి ఒక ఫొటో తీస్తోంది. ఎనిమిదిన్నరకు జయకర్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, నాలుగైదు పిల్లల్ని ఉంచుదాం. తడి గోనె కప్పి నీడలో పెడతాను. మిగతావి వదిలేద్దాం."

జయకర్ నవ్వాడు. "ఫొటోలో తొట్టి నిండుగా కనపడాలమ్మా. ఫొటోగ్రాఫరువి, నీకు నేను చెప్పాలా?"

ఆ మాటకు నేనైతే పగిలిపోయేదాన్ని. రత్నం తిరిగి వచ్చి, నన్ను వీపు మీదికి తోసుకుని, ఒక తొట్టిని రెండు చేతులా పట్టుకుని బోర్లించిన పడవ నీడలోకి లాగింది. తరవాత రెండోది. లచ్చన్న చూస్తున్నాడు. అడుగు ముందుకు వేశాడు, జయకర్ వంక చూసి ఆగిపోయాడు. మూడో తొట్టిని లాగకుండా ఎత్తుకుని రత్నం సముద్రంవైపు పరుగెత్తింది. సంస్థ మనుషులు ఇద్దరు అడ్డొచ్చి తొట్టి పట్టుకున్నారు. పెనుగులాటలో తొట్టి ఒరిగిపోయింది. పిల్లలన్నీ మండుతున్న ఇసుక మీద పడ్డాయి. వాటిలో చాలావరకు అప్పటికే కదలడం లేదు. కదిలినవి కొన్ని నీళ్ళు ఎటున్నాయో తెలియక తివాచీవైపు పాకాయి.

"ఓలమ్మో, తొక్కకండర్రా, తొక్కకండి!" అని సింహాచలం అరుస్తూ వచ్చి చీరకొంగులోకి ఏరుకుంది. ఏరినవాటిని అలల్లో విడిచిపెట్టింది. కొన్నే ఈదాయి. మిగతా తొట్లను సంస్థ మనుషులు మళ్ళీ తివాచీ పక్కన ఎండలోకి లాగి, రత్నాన్ని ముట్టుకోనివ్వలేదు.

పెద్దమనిషి పదకొండింటికి వచ్చాడు. శాలువా కప్పారు. చేతులకు తొడుగులు తొడిగారు. జయకర్ స్వయంగా తొట్లన్నీ వెతికి, ఇంకా కాళ్ళు ఆడిస్తున్న పిల్లను ఒకదాన్ని ఏరి ఆయన అరచేతిలో పెట్టాడు. "ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫొటో తీయడానికే రత్నానికి జీతం. ఆమె ఆయనకు వీపు తిప్పి, తొట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను కిందికి వంచింది. మిగిలిన నాలుగు తొట్లనూ తీశాం. ఒకదాని మీద ఒకటి పడి ఎండిపోయిన నల్లటి చిన్న ఒళ్ళు. అన్నింటి ముక్కులూ ఒకేవైపు, సముద్రంవైపే. తొట్టిలో ఉండి కూడా అటు ఎలా తెలిసిందో వాటికి.

జయకర్ గొంతులో మొదటిసారి కరుకుదనం విన్నాను. "ఆ ఫొటోలు తీసెయ్యి."

"తియ్యను."

"మెమరీ కార్డు ఇటివ్వు."

"ఇవ్వను సార్. మీ చేతికివ్వను."

ఆయన పోలీసులను పిలిపించాడు. రత్నం అనుమతి లేకుండా తొట్లను కదిలించిందని, ఫొటోల కోసం పిల్లలను ఇసుకలో పోసిందని, వాటి చావుకు ఆమే కారణమని ఫిర్యాదు రాయించాడు. నన్ను ఆమె మెడలోంచి తీసుకున్నారు. ఆమె చెయ్యి నా పట్టీని వదలడానికి కొంచెంసేపు పట్టింది. మర్నాడు స్టేషన్లో ఒక గుమాస్తా నన్ను కాగితంలో చుట్టి, దారం కట్టి, లక్క సీలు వేశాడు. ఆ కాగితం ఆ రోజు పేపరే. నా ముఖానికి ఆనుకుని ఉన్న వార్త ఇది: ఫొటో పిచ్చితో తాబేలు పిల్లల ప్రాణం తీసిన మహిళ. పక్కనే పెద్దమనిషి అరచేతిలో పిల్ల తాబేలు, రంగుల్లో.

ఆరేళ్ళు ఆ కాగితంలోనే ఉన్నాను.

కోర్టులో సీజు చేసిన వస్తువులు పెట్టే గది అది. నా చుట్టూ సారా డబ్బాలు, కోడిపందెం కత్తులు, ఒక కుట్టుమిషను. వానాకాలం గోడలు చెమర్చేవి. నా గాజు మీద బూజు తెల్లటి వేళ్ళు తన్నింది. షట్టరు బిగుసుకుపోయింది. అదంతా భరించాను. భరించలేకపోయింది ఇంకొకటి. నా కడుపులో ఉన్న చిన్న కార్డులో ఆ ఉదయమంతా ఉంది. ఏ ఫొటో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు తీసిందీ నేనే రాసి పెట్టాను. ఎనిమిదిన్నరకే, రత్నం చెయ్యి తొట్టి మీద పడక ముందే, ఎన్ని చచ్చాయో అందులో కనపడుతుంది. రత్నం లాయరు ప్రతి వాయిదాకూ అడిగేవాడు, కార్డు తెరిపించండి అని. పరీక్షకు పంపాలి, పంపాక చూద్దాం, పంపడానికి ఉత్తర్వు రావాలి, ఉత్తర్వు వచ్చింది కానీ కాపీ రాలేదు. ఒక్క మనిషి, ఒక్కసారి ఆ సీలు విప్పి ఉంటే అయిపోయేది. సాక్ష్యాన్ని అలమారలో పెట్టి తాళం వేసి, సాక్ష్యం కోసం ఎదురుచూశారు!

లచ్చన్న రత్నానికి వ్యతిరేకంగా వాంగ్మూలం మీద వేలిముద్ర వేశాడని కూడా అక్కడే విన్నాను. తొట్లను ఆమే లాగి బోర్లించిందని చదివి వినిపించకుండా వేయించుకున్నారు. రత్నం ఆరేళ్ళు మామ ఇంటి గడప తొక్కలేదు. ఆయన కాపలా ఉద్యోగం ఆయనకు ఉంది. జయకర్‌కు ఆ ఏడే తాబేళ్ళ సేవకు ఏదో బిరుదు వచ్చింది, పైపదవి కూడా. రత్నానికి ఏ పత్రికా పని ఇవ్వలేదు. తల్లి చేపల తట్టను తనే నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది, అరువు కెమెరాతో తీరం తిరిగింది. చచ్చిన తాబేళ్ళను తీయడం మాత్రం మానలేదని గుమాస్తాలు అనుకుంటుంటే విని గర్వపడ్డాను.

ఆరో ఏడు లచ్చన్నను బోను ఎక్కించారు. నన్ను గుడ్డసంచిలో తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎలకలు కొరికిన కాగితం సందులోంచి, సంచి అంచులోంచి ఆయన పాదాలు కనపడ్డాయి, పగుళ్ళలో ఇసుకతో.

"ఈమె తొట్లను ముట్టుకోవడం నువ్వు చూశావా?" అని ప్రభుత్వ లాయరు అడిగాడు.

"సూసినాను బాబూ."

"ఏం చేసింది?"

"లాగింది."

"ఎక్కడికి?"

"నీడలోకి." లచ్చన్న గట్టిగా దగ్గాడు. "పొద్దున్నించీ నాను సెప్తనే ఉన్నాను, ఒగ్గీయండి బాబూ, సచ్చిపోతన్నాయని. ఎవులూ ఇన్నేదు. మా రత్నం గుంట లాగింది. నాను లాగాల్సిన పని. నాను లాగలేకపోనాను, ఆ గుంట లాగింది."

లాయరు కాగితం ఊపాడు. "మరి ఈ వాంగ్మూలంలో ఇలా లేదే? వేలిముద్ర నీదే కదా?"

"నాదే. ఏలెయ్యమన్నారు, ఏసీసినాను."

జడ్జి గారు ఒక నడివయసు స్త్రీ. కళ్ళజోడు తీసి అడిగారు. "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఉజ్జోగం పోద్దన్నారు తల్లీ."

"ఇప్పుడు పోదా?"

"పోద్ది" అన్నాడు లచ్చన్న. "పోనీయండి. ఆరేల్లు ఆ అన్నం తిన్నాను. ఒక్క పూట సయించనేదు."

కోర్టు బయటికి ఎలా వెళ్ళారో నేను చూడలేదు. తరవాత సింహాచలం చెబితే తెలిసింది. లచ్చన్న వేపచెట్టు కింద తల దించుకుని నిలబడ్డాడట. రత్నం ఆయన్ని దాటి వెళ్ళిపోయి, నాలుగడుగులేసి, వెనక్కి వచ్చి, "పద మామా, బస్సు ఎల్లిపోద్ది" అందట. అంతే.

కేసు కొట్టేశారు. కొట్టేస్తూ రాసిన కారణం వినండి. ఆరోపణకు తగిన ఆధారాలు లేవు. ఆధారాన్ని నేను! ఆ భవనంలోనే, రెండు గోడల అవతల, బూజు పట్టి కూర్చుని ఉన్నాను!

రత్నం సంతకం పెట్టి నన్ను తీసుకుంది. విశాఖలో ఖాదర్ అనే రిపేరు మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నన్ను విప్పి, తల అడ్డంగా ఊపాడు. "షట్టరు పోయిందమ్మా. దీని సామాను ఇప్పుడు దొరకదు. కార్డు మాత్రం బాగానే ఉన్నట్టుంది." కార్డును తన కంప్యూటర్లో పెట్టాడు. మొదటి ఫొటో, రెండోది, పదోది. ఖాదర్ రేడియో కట్టేశాడు.

"ఇవి ఎవరెవరు చూశారమ్మా?"

"ఎవరూ చూడలేదన్నా."

ఆమె అవి పట్టుకుని పత్రికకు వెళ్ళింది. కొత్త సంపాదకుడు మర్యాదగా కుర్చీ వేశాడు. "చాలా బాధాకరం. కానీ ఆరేళ్ళ కిందటివి కదమ్మా. ఇప్పుడిది వార్త కాదు" అన్నాడు. వార్త అయినప్పుడు మీరు ఏం వేశారని రత్నం అడగలేదు. నేను అడిగాను. ఆయనకు వినపడలేదు.

మార్చి చివర రేవుదిబ్బపాలెంలో మళ్ళీ షామియానా కొయ్యలు దిగాయి. ఈసారి అతిథి వేరు, వచ్చే టైము మాత్రం పాతదే, ఆరు గంటలు. రత్నం భీమిలిలో ఫ్లెక్సీలు వేసే షాపుకు వెళ్ళింది. పుట్టినరోజులకూ గెలుపులకూ ఫ్లెక్సీలు వేసే కుర్రాళ్ళు ఆ ఫొటోలు చూసి బిత్తరపోయారు. "అక్కా, పైన దండం పెడుతూ ఎవరిదైనా బొమ్మ పెట్టాలా?" అని ఒకడు అడిగాడు.

"ఎవరిదీ వద్దు. టైము మాత్రం పెద్దగా పెట్టండి."

ఒకే తొట్టి, అయిదు ఫొటోలు, వాటి కింద అయిదు టైములు. 6.10. 7.30. 8.25. 9.50. 11.05. ఇంకో మాట లేదు. తెల్లవారుతుండగా ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని రెండు వెదురు గడలకు కట్టి, షామియానాకు ఎదురుగా ఇసుకలో పాతారు. రత్నం నన్ను మెడలో వేసుకుంది. "పాడయిపోనాది కదే, అదెందుకు?" అని తల్లి అడిగితే, "ఇంటికాడ ఒగ్గి రాలేనమ్మా" అంది.

దొడ్డికి కొత్త కాపలాదారు సూరాడ ఎల్లాజీ. మొదట తాళం ఇవ్వనన్నాడు. "నా ఉజ్జోగం పోద్ది మామా" అన్నాడు లచ్చన్నతో. లచ్చన్న వాదించలేదు. అతని భుజం పట్టుకుని ఫ్లెక్సీ ముందు నిలబెట్టాడు. ఎల్లాజీ ఎడమ నుంచి కుడికి చూశాడు. మళ్ళీ ఎడమ నుంచి చూశాడు. మొలతాడుకు కట్టిన తాళంచెవి విప్పి ఇచ్చాడు.

తూర్పున సముద్రం మీద ఎరుపు పాకుతోంది. ఇసుక చల్లగా, తడిగా ఉంది. దొడ్డి లోంచి తొట్లు మోసుకొచ్చి, అలలకు పది అడుగుల దూరంలో వంచారు. పిల్లలు పాకాయి. వందలు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుక్కలు రాకుండా ఆడవాళ్ళు రెండు పక్కలా నిలబడ్డారు. అల వచ్చి కొన్నింటిని వెనక్కి విసిరింది, అవి మళ్ళీ తిరిగి నడిచాయి. రత్నం అరువు కెమెరా తేలేదు. ఒక్క ఫొటో తీయలేదు. నీళ్ళు మోకాళ్ళు తడుపుతుంటే అక్కడే కూర్చుని చూసింది. నేను మాత్రం, తీయలేక, బూజు వెనక నుంచి మసకగా చూశాను. ఆఖరి పిల్ల అల దాటేసరికి సూర్యుడు ఇంకా పూర్తిగా పైకి రాలేదు.

తొమ్మిదిన్నరకు కార్లు వచ్చాయి. ముందు కారులోంచి జయకర్ దిగాడు. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు మారాయి. వరసగా బోర్లించి ఆరబెట్టిన తొట్లను చూశాడు.

"తాబేళ్ళేవి?"

"ఎల్లిపోనాయి బాబూ" అన్నాడు లచ్చన్న. "ఆటికి టైముంది."

"ఎవరు వదలమన్నారు? సార్ వెనక కారులో ఉన్నారు! నిన్ను ఎప్పుడో తీసేశాం, నువ్వెవరు ఇక్కడ?" ఆ మెత్తటి గొంతు ఎక్కడికి పోయిందో. అప్పుడు తల తిప్పి ఫ్లెక్సీ చూశాడు. అయిదు టైములూ చదివాడు. "పీకండి దాన్ని!" అని అరిచాడు. పీకడానికి వచ్చిన ఇద్దరి ముందు సింహాచలం తట్ట దించి నిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె. ఆ పక్కన ఇంకొకామె. చేపలు కోసే కత్తులు వాళ్ళ తట్టల్లోనే ఉన్నాయి, ఎవరూ తీయలేదు, తీయాల్సిన పని పడలేదు. వెనక కారు తలుపు తెరుచుకుంది. అతిథి ఒక కాలు బయట పెట్టి, ఫ్లెక్సీ వంక చూసి, ఆ కాలు మళ్ళీ లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు రత్నం నడిచి వచ్చింది. జయకర్‌కు మూడడుగుల దూరంలో ఆగి, నన్ను నెమ్మదిగా కంటికి ఎత్తుకుంది. నా కన్ను సూటిగా ఆయన ముఖం మీద పెట్టింది.

జయకర్ ఒక్క దూకు దూకి అరచేత్తో నన్ను మూసేశాడు. "ఫొటోలు తీయొద్దు! చెప్తున్నాను, తీయొద్దు!"

ఆరేళ్ళుగా నా షట్టరు కదల్లేదని ఆయనకు తెలియదు. రత్నం చెప్పలేదు. నన్ను దించలేదు కూడా. ఆయన చెయ్యి నా గాజు మీద అలాగే ఉంది, చెమటతో తడిగా.